పన్నెండు సెకన్లు

మార్చి 4
మా ఇన్సూరెన్స్ యాప్ టెస్టింగ్. ఆపరేషన్‌కి డబ్బు ఇవ్వాలా వద్దా అని ఇకనుంచి ఏఐ చెప్తుంది, అర సెకన్లో. టెస్ట్‌కి పిలిచిన రిటైర్డ్ టీచర్‌కి "తిరస్కరించాం" అని వచ్చింది. నా కాగితాలు తిరగేయనైనా లేదమ్మా, కుక్కని అదిలించినట్టు అదిలించారు అన్నారాయన. నాకు నవ్వొచ్చింది. ఉత్తుత్తి కేసే కదా!

మార్చి 6
నా డిజైన్‌లో "ఇది మెషిన్ నిర్ణయం" అని ఒక లైను, "మనిషితో మళ్ళీ చూపించండి" అని పెద్ద బటన్ పెట్టాను. లైను బాస్ పీకేశాడు. బటన్‌ని చివరి పేజీ అడుగున బూడిద రంగులో పెట్టమన్నాడు. నొక్కినవాళ్ళలో సగం మందికి పైగా మనిషి ఓకే చేసేస్తాడు తల్లీ, మన కొంప మునుగుతుంది అన్నాడు. అందుకే కదరా బటన్ అని నోటిదాకా వచ్చింది. ప్రమోషన్లు వచ్చే నెలే. మింగేశాను.

మార్చి 9
ఐడియా నాదే. జవాబుని పన్నెండు సెకన్లు ఆపాం. తెరమీద చక్రం తిరుగుతుంది. "మీ కాగితాలు చదువుతున్నాం." "మీ పరిస్థితి ఆలోచిస్తున్నాం." ఆ తర్వాత అదే "తిరస్కరించాం". టీచర్‌ని మళ్ళీ పిలిచాం. పోనీలే, చూశారు పాపం అన్నారు.

ఏప్రిల్ 2
బటన్ నొక్కి చేసే అప్పీళ్ళు సగానికి పడిపోయాయి. లీడ్ డిజైనర్‌ని నేనే!

ఏప్రిల్ 20
తమ్ముడు ఫోన్ చేశాడు. మరదలి గుండె ఆపరేషన్‌కి మా యాప్‌లోనే పెట్టాడట. కాదన్నారట. గొంతులో కోపమైనా లేదు వెధవకి. చాలాసేపు ఆలోచించారక్కా, మన రాత, ఎవర్నని ఏం లాభం అన్నాడు. పైగా మీవాళ్ళు మర్యాదస్తులు అని నాకో సర్టిఫికెట్.
అప్పీలు చెయ్యరా సన్నాసీ అనాలి. ఎందుకక్కా అని అడిగితే ఏం చెప్పను? నీ కాగితాలు ఏ మనిషీ చూడలేదు, ఆ చక్రం తిప్పింది నేనే అనా? అప్పీలుకి గడువు పదిహేను రోజులుంది. రేపు చెప్తాను.

ఏప్రిల్ 24
రేపు.

మే 1
మరదలు మెట్లెక్కలేకపోతోందట. మంచం కింది అంతస్తుకి దించారట. నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగిందట, నా ఆరోగ్యం! సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మాట మార్చి ఫోన్ పెట్టేశాను.

మే 5
గడువు సాయంత్రం ఐదింటికి. నాలుగున్నరకి ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. బాస్ డెమోకి పిలిచాడు. వెళ్ళాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మే 6
తమ్ముడికి చెప్పేశాను, అంతా, గడువు సంగతి తప్ప.
వాడు తిట్టలేదు. ఆ బటన్ ఎక్కడుందక్కా అని అడిగాడు.