నలభై స్పీడులో మేనమామ

ఆగస్టు 4
మళ్ళీ అదే తంతు. భోజనం కాగానే కారు దగ్గరికి పిలిచి స్క్రీన్ చూపించడం. తను టౌన్లో తిరిగిన రోజుల మైలేజీ ఒకటి, నేను కోటబొమ్మాళి కాలేజీకి వెళ్ళొచ్చిన రోజులది ఒకటి. "సూడు... నీ కాలు మరీ బరువే." హైబ్రిడ్ కారు కొన్నాక మా ఆయనకు వేరే మాట లేదు. మొగుడనుకున్నాను, మీటరు రీడరు దొరికాడు.

ఆగస్టు 6
ఇంకోసారి చెప్పి చూశాను. ఏడు రోడ్ల దగ్గర ట్రాఫిక్‌లో పాకుతుంటే బండి బ్యాటరీ మీదే నడుస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా కొంత ఛార్జి వెనక్కి వస్తుంది. కాలేజీకెళ్ళే హైవే మీద బ్రేకు ఎక్కడ వేస్తాం? ఇంజిన్ తిరగక ఏం చేస్తుంది? అది రోడ్డు తేడా, కాలు తేడా కాదు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని... ఓపికగానే చెప్పాను. అంతా విన్నాడు. విని — "అయితే బ్రేకు ఎక్కువెయ్యి."
ఈ బుర్రకు ఆఫీసులో ఒక సెక్షను అప్పగించారు.

ఆగస్టు 9
ఇకమీదట తాళం తన దగ్గరే ఉంటుందట. "నువ్వు రైల్లో ఎల్లు. నీ సేతిలో బండి పాడైపోతాది." ఏళ్ళ తరబడి ఆ స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. ఈ కారు వచ్చాకే, సాయంత్రం అద్దాలు ఎత్తుకుని, ఒక్కదాన్నే, పాటలు పెట్టుకుని ఇంటికి రావడం. అది పోతుందంటే ఏడుపొచ్చింది. వీడి ముందు మాత్రం ఏడవను.

ఆగస్టు 14
పందెం. ఆదివారం రామతీర్థంలో ఆయన చెల్లెలు సుగుణ కూతురి పెళ్ళి. సొంత మేనమామ ఈయనొక్కడే. పెళ్ళికూతుర్ని గంపలో మోసుకొచ్చి పీటల మీద కూర్చోబెట్టాల్సింది ఈయనే. వెళ్ళేటప్పుడు తనే నడిపి, హైవే మీద కూడా టౌన్ మైలేజీ తెస్తాడట. తేలేకపోతే తాళం నాది.
సరే అన్నాను. తేలేడు.

ఆగస్టు 17
సిగ్గు.
శ్రీకాకుళం దాటిన దగ్గర్నుంచి నలభై. ఏసీ లేదు. పట్టుచీర వీపుకు అతుక్కుపోయింది. లారీలు హారన్ కొట్టి మరీ దాటిపోతున్నాయి. సుగుణ ఫోన్ మీద ఫోన్ — "అన్నియ్యా, ఎక్కడున్నారు? పంతులుగారు కేకలేస్తన్నారు." "వచ్చేస్తన్నామమ్మా, దగ్గర్లోనే ఉన్నాం." కళ్ళు స్క్రీన్ మీద. ముహూర్తం దాటిపోతుంది, వేగంగా పోనివ్వండి అన్నాను. "ఇప్పుడు తొక్కితే ఇందాకటిదంతా పోతాది."
వెళ్ళేసరికి జీలకర్ర బెల్లం అయిపోయింది. గంప గోడకు ఆనించి ఉంది. వరసకు మామయ్యేవాడెవడో మోశాడట. పెళ్ళికూతురు ఒకసారి మా వైపు చూసి తల తిప్పుకుంది. ఆ పిల్లను చిన్నప్పుడు భుజం మీంచి దించకుండా తిప్పింది ఈ మనిషే.
మైలేజీ వచ్చింది. గెలిచాడు.

ఆగస్టు 18
సుగుణ ఫోన్. "నిన్నేటీ అననులే వదినా. నువ్వే నడిపినావట, హైవే మీద బయమేసినాదట... అన్నియ్య సెప్పినాడు. ఆయనకిచ్చీవలసింది గదా. నా పిల్ల ఒకటే ఏడుపు."
మేం దిగేటప్పుడు బయట ఎవరూ లేరు. అందరూ మండపంలోనే. అది చూసుకునే చెప్పాడు. "ఉంటాను సుగుణా" అని పెట్టేశాను.

ఆగస్టు 19
టిఫిన్ పళ్ళెం పక్కన తాళం. "నువ్వే తీసుకెల్లు. రోజూ. నాను స్కూటర్ మీద పోతాను." ముఖం చూడడు. పందెం గెలిచినవాడు తాళం ఎందుకిస్తాడో నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు. ఛీ.
తీసుకున్నాను. ఏసీ పెట్టుకుని, పాటలు పెట్టుకుని వెళ్ళాను. హాయిగానే ఉంది. అదీ రాసుకోవాలి.

ఆగస్టు 20
సుగుణ చేసింది. ఎత్తలేదు. నిజం చెప్తే సాయంత్రానికల్లా మళ్ళీ రైలే.

ఆగస్టు 21
సుగుణ మెసేజ్. రేపు కొత్త జంటను తీసుకుని మా ఇంటికి వస్తోంది. ఆమదాలవలస స్టేషన్‌కు కారు తెమ్మంది. అన్నను కాదు, నన్ను. "నెమ్మదిగానే నడుపు వదినా. మాకేటీ తొందర నేదు."
ఇంకా జవాబు పెట్టలేదు.