గొరక తలలోని రాయి

వ్యాసర్పాడి, చెన్నై

అన్నయ్యకూ వదినకూ, పొద్దున్నే దీపం పెట్టుకుని, మీ ఇద్దరినీ తలుచుకుంటూ చెల్లెలు నూకరత్నం రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? వదిన దగ్గు ఎలా ఉంది? అమ్మవారి దయవల్ల అందరూ చల్లగా ఉండాలి.

మా గురించి బెంగ పెట్టుకోకండి. మీ బావ అంబత్తూరులో కాపలా పనికి రోజూ వెళ్తున్నారు. ఒంటి మీద చెమట ఆరడం లేదు, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పులుసు ఎలా పెట్టినా మన రుచి రావడం లేదు. అయినా బాగానే ఉన్నాం. సాయంత్రం రైళ్ళ చప్పుడు వింటూ కూర్చుంటే మన అలల చప్పుడు గుర్తొస్తుంది, అంతే.

చేపల మీద పరిశోధన చేసే ఆఫీసులో పని దొరికిందని ఫోనులో చెబితే నువ్వు నవ్వావు. అందుకే వివరంగా రాస్తున్నాను. గొరక చేప తలకాయ నములుతుంటే పంటికి తెల్ల రాయి తగిలేది, చిన్నప్పుడు ఉమ్మేసేవాళ్ళం కదా, అది చేప చెవిలో ఉండే రాయట. తల కోసి, ఆ రెండు రాళ్ళూ విరగకుండా తీసి, కడిగి ఆరబెట్టి, చీటీ అంటించిన సీసాలో వేయడం నా పని.

అక్కడ వసంత మేడమ్ అని, నా కూతురి వయసు పిల్ల. తరాల నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళ అమ్మాయి. ఒకరోజు రాయిని పల్చటి పొరలా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచింది.

"చూడండక్కా, నడిమిన చుక్క ఉండాది గదా, అది పుట్టినప్పటిది. ఆడినుంచి ఒక్కో పొర వేసుకుంటా పెరిగింది. ఏ నీళ్ళలో ఈదితే ఆ నీళ్ళ గుణం ఆ పొరలో నిలిచిపోతాది. ఇంక చెరిగేదే లే."

అన్నయ్యా, నాకు ఒళ్ళు పులకరించింది. చుక్క చుట్టూ వలయం, దాని చుట్టూ ఇంకోటి, వెంట్రుక కన్నా సన్నం. మన నుదుటి రాత మనకు కనపడదు. ఆ చేప బతుకంతా మాత్రం దీపం ముందు విప్పినట్టు కనపడింది. గంగమ్మ ఒడిలో ఎన్నెన్ని చేపలు! ఒక్కొక్కదాని తలలో ఇంత ఓపికగా ఎవరు రాశారు? కన్ను తీయబుద్ధి కాలేదు. మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మన విశాఖ వైపు గొరకలూ, నాగపట్నం వైపు గొరకలూ ఒకే మందా, వేర్వేరా అన్నది ఈ రాళ్ళను పోల్చి తేలుస్తారట. వేరైతే, మన దగ్గర చేపను పట్టి పట్టి ఖాళీ చేసుకుంటే అక్కడి చేప వచ్చి నింపదు. నీ వలకు సంబంధించిన సంగతే ఇది.

ఇంత తెలిసీ పోయిన సోమవారం ఒక పొరపాటు చేశాను. రెండు వైపుల నుంచీ రెండు ఐసు పెట్టెలు వచ్చాయి. మేడమ్ వచ్చేలోగా సాయం చేద్దామని రెండూ బల్ల మీద కుమ్మరించాను. ఏళ్ళ తరబడి రేవులో అమ్మిన చేతులు కదా, పెద్దవి ఒక వాటా, నడిమివి ఒక వాటా, చిన్నవి ఒక వాటా వేసి, తలలన్నీ ఒకే వైపుకు పేర్చాను. అంతా అయ్యాక ఖాళీ పెట్టెల మీద ఊళ్ళ పేర్లు కనపడ్డాయి. ఏ చేప ఏ ఊరిదో ఇంకెలా తెలుస్తుంది? బల్ల ముందే కూలబడి ఏడ్చాను.

ఊడ్చడానికి వచ్చే సెల్వి తనకు వచ్చిన తెలుగులో, "ఎందుకక్కా ఏడుపు? సగం ఈ పెట్టి, సగం ఆ పెట్టి. నాది విశాఖపట్నం అని మీను లేచి చెప్పుతుందా?" అంది.

నవ్వొచ్చింది గాని భయం పోలేదు. చేరి మూడు నెలలైనా కాలేదు, మానిపించేస్తే? నిజం చెప్పాలి, రెండు చేపలు పెట్టెలో వేశాను కూడా. మూడోది చేతిలోనే ఉండిపోయింది. అంత నిజం దాచుకున్న రాయికి నేను అబద్ధపు చీటీ ఎలా అంటించను?

మేడమ్ రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె బల్ల మీది వాటాలు చూసి, ఖాళీ పెట్టెల మీది పేర్లు చదివింది.

"ఏ ఊరివో ఆ రాళ్ళే చెబుతాయి కదమ్మా?" అన్నాను, ఆశ చావక.

"ఆడి చేప రాయి ఎట్లుంటాదో, ఈడిది ఎట్లుంటాదో ముందు తెలియాల గదక్కా. దానికే గదా వీటిని తెప్పించింది. ఇవి ఇంక లెక్కకు రావు." పెట్టెలు పక్కకు జరుపుతూ, "సగం సగం సర్దేసుంటే నాకు తెలిసేదే లే. ఎందుకు చెప్పినారు?" అంది.

"ఆ రాయి చూశాక ఎలా దాస్తానమ్మా?"

"సరి, పెద్దసారుతో నేను మాట్లాడతా. రేపు రాకుండా నిలిచిపోవద్దు. పెట్టి తెరిచే ముందు చీటీ చూడాల, ఆమేలే చేప," అంది.

నా పని పోలేదు. పోయిన చేపలకు బదులు మళ్ళీ చేపలు కావాలి. నువ్వు వేటకు వెళ్తావని చెప్పాను. ఆఫీసు బండి రేవుకే వస్తుందట. ఏ రోజు చేప ఆ రోజు వేరే సంచిలో కట్టి, ఎక్కడ వల వేశావో, ఎంత లోతో వదిన చేత చీటీ రాయించు. పెన్సిలుతోనే రాయమను, పెన్ను తడికి చెరిగిపోతుంది. పెద్దమ్మకూ, రేవులో నన్ను అడిగినవాళ్ళందరికీ నా దణ్ణాలు చెప్పు. మీ ఇద్దరి చేతులూ నా తల మీద ఉన్నట్టే తలుచుకుంటూ ఉంటాను.

అన్నయ్యా, ఒక్క మాట. ఏ చేప ఎక్కడ పడిందో గుర్తు లేకపోతే ఊహించి రాయించకు. చీటీ ఖాళీగా పంపించు.

నీ చెల్లెలు
నూకరత్నం