చీటీ మీద శ్రావణి పేరు

మంగళవారం, రాత్రి

ఉదయం పదకొండున్నరకు నాంపల్లి దవాఖానలో పదో తరగతి చదివే శ్రావణి తన పేరుతో చీటీ రాయించుకుంది.

వాళ్లమ్మ యాదమ్మ అబిడ్స్‌లో మా పత్రిక ఆఫీసు ఊడుస్తుంది. పోయిన వారం కూతురి తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి తనవేనని చెప్పి తనే పరీక్ష చేయించుకుంది. డాక్టరమ్మకు ఏమీ కనిపించలేదు. పిల్ల నొప్పి తగ్గలేదు. నిన్న యాదమ్మ నాకు నిజం చెప్పింది, ఇవాళ ఇద్దరినీ తీసుకెళ్లాను.

అయినా కౌంటర్ దగ్గర యాదమ్మ కూతురి చెయ్యి గుంజింది. "పెండ్లి కాని పిల్ల మేడం. పేరు రాపిస్తే నలుగురు ఏమంటరు?"

"నాకు జరమొస్తే నీ పేరు రాపిచ్చినవా అమ్మా? రాయుండ్రి సార్, శ్రావణి. పదిహేనేండ్లు."

లైన్లో ఎవరో నవ్వారు. శ్రావణి తిరిగి చూడలేదు.

ఇది బ్యాక్టీరియా వల్ల కావచ్చు, పెళ్లితో పని లేదు అంది డాక్టరమ్మ. నమూనా పరీక్షకు పంపింది.

ఇరవై ఏళ్లుగా ఆసుపత్రి రిజిస్టర్లు చూసి వార్తలు రాస్తున్నాను. ఎంతమంది తల్లుల పేర్ల వెనక కూతుళ్లున్నారో ఒక్కసారీ అడగలేదు. ఈసారి పేర్లు లేకుండా రాస్తాను. 'తెల్లబట్ట' అన్న మాటను వార్తలు దిద్దే డెస్క్ వాళ్లు కొట్టేస్తే మళ్లీ పెడతాను.

గురువారం పదింటికి రిపోర్టు ఇస్తారు. యాదమ్మ ఆ రోజుకు సెలవు అడిగింది. పేరు పిలిస్తే తనే లేస్తానంది శ్రావణి.