ఒక్కపొద్దు నాటి గోలి

ఆదివారం, మేడ్చల్

మామకు గుండె ఒక్కతీరు కొట్టుకుంటలేదని రోజూ ఒక గోలి రాసిండ్రు. నిన్న శనివారం, ఒక్కపొద్దు చెడుతదని మింగలే. ఇయ్యాల పొద్దుగాల రెండు కలిపి చేతుల పోసుకున్నడు.

"మామా, మర్చిపోతే జోడిచ్చి మింగొద్దని డాక్టర్ చెప్పిండు గదా" అన్న.

"నువ్వెప్పుడు డాక్టర్‌వైనవే?" అని మింగిండు.

ప్లాట్లు సూడనీకి రావల్కోల్ పోయి, ఆడ కండ్లు తిరిగి పడ్డడు. దవాఖానల డాక్టర్ "రెండు గోలీలు ఎవరిచ్చిండ్రు?" అని అడిగితే అందరి ముంగట నన్ను చూపిండు: "కోడలే ఇచ్చింది."

పానం పోయుంటే సంపింది నేనే అయితుంటి. మా ఆయన గోలీల డబ్బా నా చేతుల పెట్టి, "ఇగ నువ్వే ఇయ్యి" అన్నడు.

ఇస్త. వచ్చే శనివారం మామ దోస్తులంత కూసున్న కాడికే నీళ్లు పట్టుకొని పోత. "నోరు తెర్వు మామా. మింగినవా? నాలుక ఎత్తి సూపియ్యి" అంట.