స్టోన్ డస్ట్ తినరాదని ఒక నోటీసు కోసం

గౌరవనీయులైన గని మేనేజరు గారి సముఖమునకు,
భీమునిగుట్ట భూగర్భ గని, గోదావరిఖని.

జనరల్ మజ్దూర్, స్టోన్ డస్ట్ గ్యాంగు, ఫస్ట్ షిఫ్టు, కొలిపాక సదయ్య వ్రాసుకున్న నాలుగో అర్జీ.

అయ్యా,

విషయం: (అ) స్టోన్ డస్ట్ సంచుల గదికి తాళం వేయించుట, (ఆ) కాలనీ కమ్యూనిటీ హాలులో ఆదివారం పూట జరుగుచున్న క్షార శిబిరానికి అనుమతి రద్దు చేయుట, (ఇ) స్టోన్ డస్ట్ తినరాదని గుండ్రని ముద్రతో ఒక నోటీసు వేయించుట గురించి.

సూచిక: నా మొదటి మూడు అర్జీలు. వాటన్నిటికీ కలిపి నాకు వచ్చిన ఒక చార్జిషీటు.

1. నేను తమ గనిలో ఇరవై ఎనిమిది ఏళ్లుగా పని చేయుచున్నాను. బాయిలో, అనగా గని లోపల, బొగ్గు పొడికి నిప్పు అంటుకుని పాకకుండా గోడలకూ పైకప్పుకూ తెల్లటి సున్నపురాయి పొడి చల్లుట నా డ్యూటీ. దానినే స్టోన్ డస్ట్ అందురు. ఇది తమరికి తెలియని సంగతి కాదు. కానీ వెనుకటి అర్జీలు మూడు టేబుళ్లు తిరిగినవి. అందులో ఒక టేబులు వద్ద "స్టోన్ డస్ట్ అంటే ఏందన్నా?" అని నన్నే అడిగిరి. అందుచేత మొదటి నుంచి వ్రాయుచున్నాను.

2. సదరు పొడి సంచులు పదకొండు తక్కువ వచ్చినవనీ, సంచులు నా అప్పగింతలో ఉన్నవి గనుక సంజాయిషీ ఇవ్వవలెననీ నాకు చార్జిషీటు వచ్చినది. సంచులు పోయిన మాట నిజం. పోతున్నాయని మొదటి అర్జీలో మొత్తుకున్నదీ నేనే. దొంగా దొంగా అని అరిచినవాణ్ణే పట్టి స్తంభానికి కట్టేసినట్టయింది నా పని. ఆ పొడి ఎటు పోయిందో మళ్ళీ చెబుతున్నాను. జనం కడుపుల్లోకి పోయింది.

3. ఉపేందర్ అనే ఆయన ఉగాది ముందర మా కాలనీలో క్షార శిబిరం పెట్టినాడు. అంతకు ముందు ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మేవాడు. ఆమ్లం గురించి తనకు తెలిసినంత ఏ డాక్టరుకూ తెలియదని ఆయన చెప్పుకునేది అందుకే. "రోగమంటే ఏం లేదక్కా. ఒంట్ల ఆమ్లం ఎక్కువైనట్టు. ఆమ్లం బ్యాటరీ రేకుల్నే తింటది, మనిషిని ఇడుస్తదా?" అంటాడు. వినేవాళ్లు తలలూపుతారు. ఒక్కొక్కరికి కాగితపు పట్టీలు ఇచ్చినాడు. పొద్దున్నే మూత్రంలో ముంచినప్పుడు పసుపు రంగు వస్తే ఆమ్లం, నీలం వస్తే ఆరోగ్యం. మా క్వార్టర్ల లైనులో ఆడవాళ్లు ఇప్పుడు పొద్దున్నే "ఛాయ్ తాగినవా?" అని పలకరించుకొనుట లేదు. "నీదేం రంగొచ్చింది?" అని అడుగుచున్నారు.

చింతపండు బంద్. ఛాయ్ బంద్. మాంసం, కల్లు, తెల్లన్నం బంద్. మా ఇంట్లో పచ్చిపులుసు చేసి నాలుగు నెలలయింది. నిమ్మకాయ మాత్రం తాగవచ్చునట. అది నోట్లో పులుపే కానీ కడుపులోకి దిగితే క్షారమవుతుందట. "మరి చింతపండు ఏం పాపం చేసింది, అది గూడ కడుపులకే పోతది గదా" అని నేను శిబిరంలో లేచి అడిగితే అందరూ నన్నే కసిరినారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఇక్కడ అడిగేవాడే లోకువైనాడు. ఇంతవరకూ నాకు నష్టం నాలుకకే గనుక ఫిర్యాదు లేదు. కానీ ఆయన డాక్టరు గోలీలన్నీ ఆమ్లమేనని చెప్పినాడు. నా ఫిర్యాదు అక్కడ మొదలు.

4. నా భార్య సారక్కకు ఆరేళ్లుగా బీపీ. రోజూ ఒక గోలీ. ఉగాది తరువాత ఆ గోలీ మానేసింది. దాని బదులు ఉపేందర్ అమ్మే ఖనిజ చూర్ణం నీళ్లలో కలిపి తాగడం మొదలుపెట్టింది.

5. ఈ పేరా వెనుకటి మూడు అర్జీలలో లేదు. సిగ్గుపడి వదిలేసినాను. చార్జిషీటు వచ్చిన నాటి నుంచి గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తిరుగుతున్నాను. నా భుజాల మీద ఎప్పుడూ తెల్ల పొడి ఉండనే ఉంటుంది గదా. విషయం ఏమనగా, స్టోన్ డస్ట్ ముగ్గుకు బాగుంటుంది. గడ్డ కట్టదు, వేళ్ల సందున సాఫుగా జారుతుంది. షిఫ్టు దిగేటప్పుడు టిఫిన్ డబ్బా నిండా ఇంటికి తెచ్చుట మా గ్యాంగులో మా ముందటివాళ్ల నుంచి వస్తున్న అలవాటు. నేనూ తెచ్చినాను. మా వాకిట్లో ఇరవై ఏళ్లుగా పడుతున్న ముగ్గు కంపెనీ ముగ్గే. ఒకనాడు సారక్క ఆ చూర్ణం పొట్లం మీది అక్షరాలు చదివి, "ఏమయ్యా, ఇండ్ల సున్నపురాయని రాసున్నది. గిది మన ముగ్గు పొడే గదా?" అన్నది.

అక్కడ నేను నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు. శిక్షణా కేంద్రంలో నేర్చినదంతా గుర్తొచ్చి గొప్పకు పోయినాను. "దీనికన్న మాదే నిఖార్సు. మాది ల్యాబుల పరీక్ష చేసినంకనే బాయిలకు దిగుతది" అన్నాను.

మరునాటి నుంచి పొట్లం మానేసి ముగ్గు డబ్బాలో చెంచా పెట్టింది. మంచి సంగతి ఒక్కతే ఉంచుకునే మనిషి కాదు. లైనంతా చెప్పింది. పది రోజుల్లో గ్యాంగులో ప్రతి టిఫిన్ డబ్బా తెల్లగా పైకి వచ్చింది, ఆ తరువాత సంచులే లేచిపోయినవి. పేర్లు వ్రాయను. తమ ఆఫీసుకు రోజూ ఛాయ్ తెచ్చే ఆయన ఇంట్లో కూడా తాగుచున్నారు, అంతవరకే మనవి.

6. రెండు నెలలు గడిచేసరికి సారక్కకు వాంతులు, మలబద్ధకం, ఎంత తాగినా తీరని దాహం. ఉపేందర్‌ను అడిగితే, "ఆమ్లం బయటికి పోతాంది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. బతిమాలి దవాఖానకు తీసుకుపోయినాను. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "సదయ్యా, ఈమె రక్తంల కాల్షియం మస్తు పెరిగింది. రక్తం క్షారం దిక్కు పోయింది. కిడ్నీలు దెబ్బతింటున్నయి. ఇయ్యాల్నే అడ్మిట్ చెయ్యాలె. పొడి బంద్ చెయ్యకపోతే డయాలసిస్ దాకా పోతది."

ఇన్ని మాటల్లో నా భార్యకు ఒక్కటే వినబడింది.

"ఇన్నవా? రక్తం క్షారమైందట! ఉపేందర్ సారు మూడు నెలలన్నడు, నాకు రెండు నెలలకే అయింది" అని లేచి చెప్పులేసుకుని బయటికి నడిచింది. ఆటోలో దారి పొడుగునా సంతోషంగా ఉన్నది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఊడిన నాలుకను చూసి మురిసిపోయే మనిషిని నేను చూచుట ఇదే మొదటిసారి.

ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకుంటే వణుకుతున్నది. కూర పొయ్యి మీద పెట్టి ఎందుకు పెట్టిందో మరిచిపోతున్నది. నిన్న నన్ను మా అన్న పేరుతో పిలిచింది. అయ్యా, నాకు భయంగా ఉన్నది. ఈ మాట ఏ నంబరు కింద వ్రాయవలెనో తెలియక ఇక్కడే వ్రాసితిని.

7. నోటీసే ఎందుకని తమరు అడుగవచ్చును. తప్పు ఇక్కడా నాదే. తొమ్మిదేళ్ల కింద ఓపెన్‌కాస్టు గని తవ్వకం కోసం మా క్వార్టర్లు కూలగొడతారని పుకారు లేచింది. లైనులో సగం మంది సామాను మూట కట్టినారు. నేను సారక్కతో, "నోటీసు బోర్డు మీద పడేదాక గిన్నె గూడ కదపకు. ముద్ర లేని మాట మాట గాదు" అన్నాను. ఆమె కదపలేదు. పుకారు ఉత్తదే అయింది. ఆనాటి నుంచి ఆమెకు అదే వేదం. లేడీస్ క్లబ్బులో అక్షరాలు నేర్చుకున్నది కూడా నోటీసులు తానే చదువుకోవడానికి. ఇప్పుడు నేను పొడి తాగవద్దని కాళ్లు పట్టుకున్నా ఒకటే అడుగుతుంది. "నోటీసొచ్చిందా? ముద్రున్నదా?"

8. అందుకని నోటీసు అడుగుతూ తిరిగినాను. వైద్య విభాగం వారు, పొడి గని సామాను గనుక గని ఆఫీసుకు పొమ్మన్నారు. గని ఆఫీసువారు సేఫ్టీకి పంపినారు. సేఫ్టీ వారు, "తినుడు బాయిల జరుగుతాందా, ఇంటికాడ జరుగుతాందా?" అని అడిగి, ఇంటికాడ అని చెప్పగా కాగితం తిరిగి ఇచ్చినారు. చివరికి పెద్ద గుమస్తా గారు ఫైలు మీద ఇట్లు వ్రాసినారు: "స్టోన్ డస్ట్ తినుబండారము కాదు. కావున తినరాదని నోటీసు వేయనవసరము లేదు."

అయ్యా, బాయిలో బొగ్గు మోసే బెల్టు మీద ప్రయాణించరాదని తమరే బోర్డు వేయించినారు. బెల్టు బస్సు కాదని ఎవరికి తెలియదు? అయినా వేసినారు, ఎవరో ఒకరు ఎక్కినారు గనుకనే వేసినారు. ఇక్కడ ఒక లైనంతా ఎక్కి కూర్చున్నది. పదకొండు సంచులు లెక్కపెట్టినవారికి వాటిని తాగిన మనుషులు ఎట్లా కనబడలేదో నాకు అర్థం కాదు.

9. చార్జిషీటుకు నా సంజాయిషీ ఇదే. ముగ్గు డబ్బా నేరం ఒప్పుకుంటున్నాను. ఏ శిక్ష వేసినా సరే. కానీ ముందు నోటీసు, తరువాత శిక్ష. వరుస మార్చకుడని ప్రార్థన.

పై సంగతులన్నీ తమరు చిత్తగించి, ఒక్క సంతకం, ఒక్క ముద్ర దయచేయించవలెను.

తమ విధేయుడు, నాలుగోసారి కూడా విధేయుడే,
కొలిపాక సదయ్య

తా.క.: పై అర్జీ నిన్న వ్రాసినది. ఇయ్యాల పొద్దున సారక్క నీళ్ల చెంబు అందుకోబోయి పడిపోయింది. లేపి కూర్చోబెడితే మొదటి మాటగా డబ్బా తెమ్మన్నది. ఇంక నావల్ల కాలేదు.

చార్జిషీటు ముందర పెట్టుకుని తమ సంతకం చూసి చూసి దించినాను. మూడోసారికి కుదిరింది. "స్టోన్ డస్ట్ ఎవరూ తినరాదు, తాగరాదు. బీపీ గోలీలు మానరాదు. దవాఖానలో అడ్మిట్ కావలెను" అని వ్రాసినాను. ముద్ర గుండ్రంగా రావడానికి ఆమె చేతి గాజే తీసి చుట్టూ గీసినాను. చెయ్యి కడగడానికి తీసినాననుకున్నది.

అక్షరాల కింద వేలు పెట్టి రెండుసార్లు చదివింది. "ఇన్నొద్దులు ఏం జేసిన్రు మీ సార్లు? గిది ముందే వెయ్యొద్దా?" అని తమరిని తిట్టింది. గోలీ వేసుకున్నది. "డబ్బాల మిగిలింది పారబొయ్యకు, ముగ్గుకైతది" అన్నది. ఇప్పుడు దవాఖానలో మంచం మీద ఉన్నది, చేతికి సెలైన్ ఎక్కుతున్నది. కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నది. నేను పక్కన కూర్చుని ఇది వ్రాయుచున్నాను.

దొంగ సంతకం నేరమని నాకు తెలుసు. దానికి వేరే చార్జిషీటు ఇవ్వండి, తలవంచి తీసుకుంటాను. కానీ బాయి దగ్గర నా చేతికి ఇవ్వండి. క్వార్టరుకు మాత్రం పంపకండి. ఆమె చదువుతుంది.