కోళ్ళ గంప కింద కంప్యూటర్

భవానీపురం,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

మార్తమ్మ అక్కయ్యకు,

తమ్ముడు దేవసహాయం వందనాలు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ, అమ్మాయి సుజాతా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, ఈనడానికి సిద్ధంగా ఉన్న మీ గేదే కులాసాగా ఉన్నారని తలుస్తాను. గేదెను చివర రాసినందుకు బావగారు నొచ్చుకుంటారేమో, ఆయన వరసలో అది మొదటిదని నాకు తెలుసు. ఈనిన వెంటనే జున్నుపాలు పంపించాలి. పామర్రు సెంటరులో బస్సెక్కే ఎవరికిచ్చినా సరే, నేను స్టాండుకొచ్చి తీసుకుంటాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటంటావేమో. ఫోనులో నేను అసలు సంగతి ఎత్తగానే నీకు సిగ్నల్ పోతోంది. గేదె గురించి మాట్లాడినంతసేపూ నిక్షేపంగా ఉన్న సిగ్నల్, 'పాట' అనేసరికి ఎటు పోతోందో అంతుబట్టడం లేదు. కాగితంతో ఆ గొడవ లేదు. మధ్యలో పెట్టేయడానికి వీల్లేదు. కోపమొచ్చి మడిచి బైబిల్లో దాచినా, ప్రార్థన చేసుకునేటప్పుడు మళ్ళీ కనబడుతుంది.

ఇక్కడి సంగతులు ముందు చెబుతాను. మీ మరదలు పోయి, మిల్లు మూతపడి, సుజాత నన్ను ఇక్కడికి తెచ్చిపెట్టాక అలవాటు పడటానికి కొంత ఇబ్బందిగానే ఉంది కానీ, నువ్వు దిగులు పడాల్సినంత కాదు. వానలు వెనకబట్టినా ఉక్క తగ్గలేదు. సాయంత్రం మాత్రం కృష్ణ మీదినుంచి గాలొస్తుంది. అప్పుడు బజారులోకి వెళ్ళి నిలబడతాను. మన ఊళ్ళో మిల్లు గుమ్మంలో నిలబడితే పొద్దుగూకేలోపు ఊరి సంగతులన్నీ నా దగ్గరికే వచ్చేవి. ఇక్కడ ఎవరినైనా "ఏమండీ, బాగున్నారా?" అని పలకరిస్తే, అడ్రసు అడుగుతున్నాననుకుని చెయ్యెత్తి ఏదో సందు చూపిస్తున్నారు. మర్యాదకు ఆ సందులోకి వెళ్ళి తిరిగొస్తున్నాను. అట్లా భవానీపురం సందులన్నీ వచ్చేశాయి.

తిండికి లోటు లేదు. బియ్యం మాత్రం అద్దంలా మెరిసేదాకా పట్టి అమ్ముతున్నారు. మర నడిపినవాణ్ణి కదా, కొట్లో గుప్పెడు చేతిలో పోసుకుని నూక చూడకుండా ఉండలేను. "తాతగారూ, కొంటారా, జాతకం చెబుతారా?" అన్నాడు కొట్టాయన. సుజాత హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి వండుతుంది, అది అలిసిపోయిన రోజు నేను పప్పుచారు పెడతాను. రెండు మెత్తళ్ళ చేపలు కాల్చుకుంటే చాలు. అన్నట్టు ఎండు మెత్తళ్ళు కూడా పంపించు.

ఇక అసలు సంగతి. పెట్టేయకు.

నేను కంప్యూటర్ కట్టాను. కొన్నానని కాదు, కట్టానని రాశాను. రెడీమేడుగా దొరికేవాటిలో మన పనికొచ్చేది నాకు నచ్చలేదు. గవర్నరుపేటలో విడి సామాన్లు అమ్మే షాపుంది. ప్రసాదుగారని, నెరిసిన మీసాలాయన, అక్కడ కూర్చుంటాడు. నేను ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నవన్నీ అప్పజెబితే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దేనికండీ బాబాయ్‌గారూ ఇదంతా?"

"మా అక్కయ్య పాట పట్టడానికండి."

"దానికి ఫోను చాలదటండీ?"

ఫోనుతో పట్టి చూశాం కదా, నీకు తెలుసు. నీ గొంతు చెంబులోంచి వచ్చినట్టు, బావగారి దగ్గు మాత్రం నిజం దగ్గులాగే వచ్చాయి. స్టూడియోలు ఈ ఊళ్ళో బోలెడున్నాయి కానీ, అక్కడ అద్దాల గదిలో నిలబెట్టి గంట కొలిచి పాడిస్తారు. నీ గొంతు వేడెక్కే సరికే గంట దాటుతుంది. పైగా అద్దాల గదిలో అడుగుపెట్టే మనిషివా నువ్వు? బ్యాంకులోకే రావు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. కంప్యూటరంటే చిన్న రైసుమిల్లు. ప్రాసెసరంటే మర. ర్యామంటే మర ముందున్న అరుగు, అరుగు ఎంత పెద్దదైతే అన్ని బస్తాలు ఒకేసారి దించుకోవచ్చు. ఎస్ఎస్‌డి అంటే గోడౌను. మైకులోంచి వచ్చిన గొంతును మరకు అందించే చిన్న పెట్టె ఇంకోటుంది, అది కాటా దగ్గరి గుమాస్తా. వీటిలో ఏది మందకొడిదైనా నువ్వు పాడిన మాట నీ చెవికే ఆలస్యంగా వస్తుంది. పాట, నువ్వు, ఒకరినొకరు తరుముకుంటారు. ఇదంతా ప్రసాదుగారికి చెబితే, "ఇరవయ్యేళ్ళుగా అమ్ముతున్నానండి, నాకే ఇప్పుడర్థమైంది" అన్నాడు. పొగడ్తో, వెటకారమో కనుక్కోలేదు.

ఒక్క చోట మాత్రం ఆయన మాట విన్నాను, అదే చిక్కు తెచ్చింది. పెట్టె, అంటే సామానంతా బిగించే డబ్బా, అద్దం తలుపుతో, రంగురంగుల లైట్లతో, ఫ్యాన్ల వరసతో ఉన్నది అంటగట్టాడు. "చల్లగా ఉంటదండి, మీ అక్కయ్యగారు చూసినా ముచ్చట పడతారు" అన్నాడు. ఇంటికి తెచ్చి బల్ల మీద పరిచి, వీడియో చూస్తూ ఒక్కొక్కటే బిగించాను. స్విచ్ వేస్తే క్రిస్మస్ ముందు రాత్రి మన చర్చిలాగా వెలిగింది. సుజాత చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టేవాణ్ణే, కానీ మైకు పెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే, హోరు! తూర్పారబట్టే ఫ్యానును ఇంట్లో పెట్టుకున్నట్టుంది. పైవాటా వరలక్ష్మిగారు కూచిపూడి దగ్గరి ఆవిడ, పిల్లలకు నాట్యం నేర్పుతారు. ఆ పిల్లల అడుగులు కూడా ఆ హోరులో మునిగిపోయాయంటే చూసుకో. మధ్యలో కరెంటు పోయి వీధంతా నిశ్శబ్దమైంది. ఇదే సమయమనుకున్నాను. మిషను కూడా నిశ్శబ్దమై కూర్చుంది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మీ మరదలి చెక్కపెట్టె ఉంది కదా, ఇక్కడికి తెచ్చుకున్నాను. కంప్యూటర్ని అందులో కూర్చోబెట్టి, చుట్టూ బూరుగుదూది బొంతలు కుక్కి, మూత దించి, తీగలు మాత్రం బయటికి వదిలాను. హోరు మాయం! వరలక్ష్మిగారిని కూడా పిలిచి, ముగ్గురం పాట మొదలుపెట్టాం. రెండో చరణంలో తెర నల్లబడింది. మళ్ళీ వేశాను, మళ్ళీ నల్లబడింది.

మూత తీసి బొంతల్లోకి చెయ్యి పెట్టాను అక్కయ్యా. వేడి చురుక్కుమనగానే నువ్వు గుర్తొచ్చావు.

ఆ తుఫాను ఏడు, రోడ్డు మీద తడిధాన్యం కుప్ప పోసి అందరం బరకాలు కప్పుతున్నాం. నువ్వొచ్చి కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి గుచ్చి, "ఒరేయ్, దీనికి జొరమొచ్చిందిరా. తియ్యండి బరకాలు, పలచగా పరిచి నేర్పండి" అని కేకలేశావు. వానలో బరకాలు తీయమంటుందేమిటని బావగారు తిట్టారు. వాన తెరిపిచ్చిన ప్రతిసారీ నేర్పించి, కాళ్ళతో కెలికించి, మొలకెత్తకుండా కాపాడావు. మిల్లులో బస్తాల మధ్య గాలి సందులు వదిలి దొంతరగా నెట్టు కట్టించినవాణ్ణి నేను, ఆ సంగతి మరిచి కంప్యూటర్ని బొంతలో చుట్టాను!

ఆ సాయంత్రమే దాన్ని వెనక వసారాలోకి చేర్చి, పొడుగు తీగలు కొని కిటికీలోంచి గదిలోకి లాగాను. గోడ అడ్డం, హోరు బయట. ఏటి గాలి తగులుతోంది కాబట్టి జ్వరం లేదు. పావురాలతో ఒక్కటే బెడద, అవి అద్దం మీద వాలి చేసే పని నీకు రాయనక్కర్లేదు. అందుకని బావగారు కోడిపుంజును పంపించిన గంప ఉంది కదా, అది బోర్లించాను. గాలాడుతుంది, పావురం దూరదు. ఇప్పుడు లోపల ఎర్రగా, పచ్చగా వెలుగుతూ కూర్చుంటుంది.

సుజాత డ్యూటీ నుంచి వచ్చి చూసి, "నాన్నా, ఇది గుడ్లు పెడుతుందా, పొదుగుతుందా?" అంది.

"పాటలు పొదుగుతుందమ్మా" అన్నాను.

గది ఇప్పుడు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే హెడ్‌ఫోన్లలో నా ఊపిరి నాకు వినబడుతోంది. ఇక మొదలుపెట్టింది నువ్వు నాట్లలో కట్టిన పాటే. హార్మోనియం పెట్టబోయి మానుకున్నాను, ఆ పాటకు అది బరువు. కంప్యూటరు తాళం కోసం టిక్కుటిక్కుమని కొడుతుంది, దాన్నీ ఆపేశాను. నీ పాట గట్టు దగ్గరపడేకొద్దీ నెమ్మదిస్తుంది, దానికి గట్టు సంగతి తెలీదు. అయినా నిలబడి పాడితే ఏదో తేడాగానే ఉంది. వరలక్ష్మిగారే అడిగారు.

"మీ అక్కగారు ఈ పాట ఎట్లా నిలబడి పాడేవారండీ?"

"నిలబడటమెక్కడండీ, నడుం వంచి పాడేది."

"మరి మనం బిగుసుకు నిలబడ్డామేంటండీ!" అని కొంగు బిగించి వంగారావిడ. మైకును మోకాళ్ళ దాకా దించాను. ముగ్గురం వంగి, చేతుల్లో నారుకట్ట ఉన్నట్టే పాడాం. అప్పుడొచ్చింది పాట. తర్వాత ఇద్దరాడవాళ్ళూ లేచారు, నన్ను లేపాల్సి వచ్చింది.

ఇప్పుడు నువ్వన్న మాట దగ్గరికి వస్తాను. "ఆపరేషన్‌కి ముందే పాట పట్టుకోవాలంటున్నావంటే, నా గొంతు పోతుందనేగా? బతికుండగానే ఫోటోకి దండేస్తావట్రా?" అన్నావు. ఆ రోజు జవాబు చెప్పేలోగా సిగ్నల్ పోయింది. థైరాయిడ్ ఆపరేషనయ్యాక కొన్నాళ్ళు గొంతు బొంగురు పోవచ్చనీ, ఎక్కువమందికి తిరిగొస్తుందనీ, కొందరికి పైకి అందకపోవచ్చనీ డాక్టరుగారు నీ ఎదుటే చెప్పారు. నేను దానికి ఒక్క మాట కలపను, ఒక్కటి తీసేయను. సుజాత ఆ హాస్పిటల్లోనే పని చేస్తోంది, రోజూ అలాంటివాళ్ళను చూస్తోంది, ధైర్యంగానే ఉంది.

కానీ ఒక్కటి చెప్పు. ప్రతి ఏడూ కుప్ప నూర్చగానే మొదట విత్తనాలు తీసి పక్కన పెట్టేదానివి. ఇంటికి బియ్యం నిండుకున్న ఏడు కూడా వాటి మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. అది వచ్చే పంట పోతుందని చేసిన పనా? మళ్ళీ నాటడానికే కదా. పాట కూడా అంతే. నీ గొంతు నిక్షేపంగా తిరిగొస్తే, అప్పుడు మళ్ళీ పాడుదువుగాని, రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏది బాగుందో తగువు పడదాం. ఎట్లాగూ వచ్చే నెల ఆపరేషన్‌కి ఇక్కడికి రావాలి. ఒక వారం ముందు రా. నీకు గోడ పక్క మంచం వేశాను. అద్దాల గది లేదు, గంట కొలిచేవాడు లేడు. మనమూ, కోళ్ళ గంపా.

ఈ ఉత్తరంతో పాటు ఒక పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. బావగారి ట్రాక్టరులో పాటల పెట్టెకు తగిలించి విను. మా తెర మీద పాట వరసలు వరసలుగా కనబడుతుంది, ఒక్కో గొంతుకు ఒక్కో వరస, నాటిన చేను లాగే. కింది మూడు వరసలూ మావి, పచ్చగా ఉన్నాయి. పై వరస నీది, దాన్ని ఖాళీగా వదిలాను. అందుకని మొదట నీకేమీ వినబడదు. పాడైందని బావగారు పెట్టెను కొడతారేమో, కొట్టనీయకు. నువ్వు "కాలవకు నీళ్ళొచ్చె" అనాల్సిన చోటది. తర్వాత మేం ముగ్గురం "రావమ్మ, నాటేద్దాం" అంటాం. మళ్ళీ ఏమీ ఉండదు. నువ్వు "తూరుపున మబ్బొచ్చె" అనాలి. మళ్ళీ మేం, "రావమ్మ, నాటేద్దాం."

పాట అయిపోయేదాకా అంతే. ముందు మాట లేకుండా వంత పాడి పంపించాం.

బావగారికీ, మన చర్చి పెద్దలందరికీ నా వందనాలు చెప్పు. సుజాత నీకు ముద్దులు చెప్పమంది, వరలక్ష్మిగారు నమస్కారాలు చెప్పమన్నారు. నీ ప్రార్థనలో మమ్మల్ని జ్ఞాపకం చేసుకో, మా ప్రార్థనలో నువ్వే ఉన్నావు.

వంగి నిలబడి నీ మొదటి మాట కోసం చూస్తున్న
నీ తమ్ముడు,
దేవసహాయం