స్కానింగ్‌లో గురక

దేగు,
శనివారం

తమ్ముడు గ్యుహోకు,

మెదడు స్కానింగ్ చేసే ఆ మెషిన్ చప్పుడు ఎలా ఉంటుంది, భరించగలనా అని అడిగావు కదా. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. అచ్చం నాన్న తాగొచ్చి పరుపుల బీరువా తలుపు బాదినట్టే ఉంటుంది. లోపల బొంతల మధ్య మనిద్దరం దాక్కున్నప్పుడు నా రెండు చేతులూ నీ చెవుల మీదే ఉండేవి. అందుకే ఆ చప్పుడు నీకంటే నాకే బాగా తెలుసు.

ఈ పరిశోధనలో, చిన్నప్పుడు దెబ్బలు తిని కూడా నిలదొక్కుకున్నవాళ్ళ మెదడులో భయపడే భాగానికీ, దాన్ని సముదాయించే భాగానికీ పొత్తు ఎలా కుదిరిందో చూస్తారట. కళ్ళు తెరిచి, కదలకుండా పడుకోమన్నారు. మెషిన్ బాదడం మొదలుపెట్టింది. నేను నిద్రపోయాను.

పరీక్ష చేస్తున్న డాక్టర్ మేంగ్ తల పట్టుకుంది. "మేలుకొని ఉండమన్నాను కదండీ. మీ గురక మైకులో వినిపించింది. పరీక్షంతా పాడైంది" అంది. నడుం వంచి క్షమాపణ చెప్పాను గానీ నవ్వు ఆగలేదు. చివరికి ఆవిడా నవ్వేసింది. బయటికొచ్చి వేడివేడి పంది మాంసం సూపూ అన్నమూ రెండు గిన్నెలు లాగించాను.

గురువారం మళ్ళీ రమ్మంది. ఈసారి నువ్వూ రా. చెవుల్లో మెత్తటి బిరడాలు వాళ్ళే పెడతారు. నా చేతులకు ఇక ఆ పని లేదు.

అక్క